అమెరికాలో పిల్లల దగ్గరుంటున్న పెద్దలు గంజాయి గమ్మీ ముట్టుకునే ముందు చేయాల్సిన పనులు

మోకాళ్ల నొప్పి తగ్గుతుందని ఎవరో చెప్పారు. పక్కింటి అమెరికన్ పెద్దాయన రాత్రి గంజాయి గమ్మీ (గంజాయి కలిపిన జెల్లీ మిఠాయి) పావు ముక్క వేసుకుని హాయిగా నిద్రపోతున్నానన్నాడు. అబ్బాయితో కారులో వెళ్తుంటే గంజాయి అమ్మే డిస్పెన్సరీ బోర్డు కనిపించింది, లోపల జనం మందుల షాపులో ఉన్నట్టే వరసగా నిలబడి ఉన్నారు. ఇక్కడ చట్టబద్ధమే కదా, ఒకసారి చూస్తే ఏమవుతుందన్న ఆలోచన మీకు వచ్చి ఉంటే ఈ వ్యాసం మీ కోసమే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అమెరికాలో 65 దాటినవారిలో గత నెల రోజుల్లో గంజాయి వాడామని చెప్పినవారు 2021లో 4.8 శాతం ఉంటే, 2023 నాటికి 7 శాతం అయ్యారు.

వాడాలా వద్దా అన్న నిర్ణయం మీది. అయితే ఆ నిర్ణయానికి ఒక వరస ఉంది. ముందు మీ కాగితాలు చూసుకోవాలి, తర్వాత మీరున్న రాష్ట్రం, ఆ తర్వాత మీరు వేసుకునే మాత్రలు. గమ్మీ సంగతి ఆఖరున. మనవాళ్లలో చాలామంది గమ్మీతో మొదలుపెట్టి, మిగతావి ఎప్పుడో ఇబ్బంది వచ్చాక తెలుసుకుంటున్నారు.

1. ముందు మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో చూసుకోండి

అమెరికా పౌరసత్వం వచ్చినవారు ఈ భాగం దాటేయవచ్చు. విజిటర్ వీసా మీద వచ్చినవారు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టినవారు ఒక్క అక్షరం కూడా వదలకుండా చదవండి.

కాలిఫోర్నియాలో గంజాయి కొనడం రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు కాదు. కానీ వీసాలు, గ్రీన్‌కార్డులు, పౌరసత్వం ఇచ్చేది రాష్ట్రం కాదు, ఫెడరల్ ప్రభుత్వం. 1970 నాటి మత్తు పదార్థాల నియంత్రణ చట్టం (కంట్రోల్డ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్) గంజాయిని అత్యంత కఠినమైన ఒకటో షెడ్యూల్‌లో పెట్టింది. దాన్ని మూడో షెడ్యూల్‌కు మార్చాలని 2024 మే నెలలో న్యాయశాఖ ప్రతిపాదించింది. షెడ్యూల్ మారినంత మాత్రాన సరదాకి వాడుకోవడం ఫెడరల్‌గా చట్టబద్ధం అయిపోదు. వలస చట్టం చూసేది ఈ ఫెడరల్ లెక్కనే.

దీని ఫలితం ఎలా ఉంటుందంటే, మీ మీద కేసు లేకపోయినా, ఎవరూ మిమ్మల్ని పట్టుకోకపోయినా, ఎయిర్‌పోర్టులో అధికారి అడిగినప్పుడు "అవును, నొప్పికి వాడాను" అని ఒప్పుకుంటే అదే ప్రవేశం నిరాకరించడానికి ఆధారం కావచ్చు. గ్రీన్‌కార్డు ఉండి ఇండియా వెళ్లొచ్చేవారికీ ఈ చిక్కు ఎదురు కావచ్చు. గ్రీన్‌కార్డు కోసం చేసే వైద్య పరీక్షలో మత్తు పదార్థాల వాడకం గురించి అడుగుతారు, అక్కడ "మా రాష్ట్రంలో లీగలే" అన్న జవాబు పనికిరాదు. పౌరసత్వం సంగతికొస్తే, రాష్ట్ర చట్టం అనుమతించినా సరే గంజాయి వాడకం మంచి నడవడి షరతుకు అడ్డం కావచ్చని ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగానే స్పష్టం చేసింది.

అబద్ధం చెప్పి గట్టెక్కుదామనుకోకండి. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే జీవితాంతం నిషేధం పడే ప్రమాదం ఉంది. అందుకే పౌరులు కానివారికి నా సలహా ఒక్కటే: వాడకండి. కొనకండి. మెడికల్ గంజాయి కార్డు తీసుకోకండి. డిస్పెన్సరీ ముందు నిలబడి తీసుకున్న ఫోటో ఫోన్‌లో ఉంచుకోకండి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి, ఎందుకంటే సరిహద్దు దగ్గర ఫోన్ తెరిచి చూసే అధికారం వాళ్లకుంది. ఇప్పటికే వాడి ఉంటే, తర్వాతి ప్రయాణానికో దరఖాస్తుకో ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. పిల్లలు కట్టే ఆ ఫీజు వృథా కాదు.

గంజాయి జాతిలోనే మత్తు లేనంతగా ఉండే హెంప్ మొక్క నుంచి తీసే, మత్తునివ్వని సీబీడీ నూనె వేరే కదా అని అడుగుతారు. మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీ 0.3 శాతం మించని హెంప్‌ను 2018 ఫార్మ్ బిల్లు ఆ నిషేధం నుంచి తప్పించిన మాట నిజమే. కానీ ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ సరుకులను పరిశోధకులు పరీక్షించి 2017లో ప్రచురించిన ఫలితాల్లో, లేబుల్‌కు సరిపోయినవి 26 మాత్రమే. 18 సరుకుల్లో టీహెచ్‌సీ కూడా కనిపించింది. డబ్బా మీద రాసిన మాటను నమ్మి వీసాను పణంగా పెట్టకండి.

కెనడాలో ఉన్నవారి పరిస్థితి వేరు. అక్కడ 2018 అక్టోబర్ 17 నుంచి దేశమంతటా ఒకే ఫెడరల్ చట్టం అనుమతిస్తోంది. కానీ టొరంటో నుంచి అమెరికాలోని బఫెలో చూడటానికి వెళ్లేటప్పుడు సంచిలో ఒక్క గమ్మీ ఉన్నా రెండు దేశాల చట్టాలూ ఒప్పుకోవు.

2. మీరున్న రాష్ట్రం, మీరున్న ఇల్లు

అమెరికాలో 2023 చివరికి 24 రాష్ట్రాలు 21 దాటినవారికి గంజాయిని అనుమతించాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండేవాటిలో కాలిఫోర్నియా, న్యూజెర్సీ, ఇల్లినాయ్, వాషింగ్టన్ ఆ జాబితాలో ఉన్నాయి. టెక్సస్, జార్జియా, నార్త్ కరోలైనా లేవు. న్యూజెర్సీలో పెద్దమ్మాయి దగ్గర ఆరు నెలలు, డాలస్‌లో చిన్నబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉండేవారు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. ఒక ఇంట్లో అల్మారాలో పెట్టుకోదగిన వస్తువు ఇంకో ఇంట్లో కేసు అవుతుంది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లడం కూడా ఫెడరల్ నేరమే, రెండుచోట్లా అనుమతి ఉన్నా సరే.

అనుమతి ఉన్న రాష్ట్రాల్లో కూడా చాలాచోట్ల పార్కులో, ఫుట్‌పాత్ మీద వాడకూడదు, కారు నడుపుతూ అసలే కూడదు. అద్దె అపార్ట్‌మెంట్ అయితే లీజు చదవండి. ఇంకొకటి మనవాళ్లకు తక్కువ తెలుసు. ఫెడరల్ సబ్సిడీతో నడిచే సీనియర్ అపార్ట్‌మెంట్లలో ఉన్నవారికి, దరఖాస్తు పెట్టుకుని ఏళ్లుగా వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి, రాష్ట్ర అనుమతి రక్ష కాదు. గంజాయి వాడేవారికి ఇల్లు ఇవ్వకూడదన్నది అక్కడి నిబంధన, మెడికల్ కార్డు ఉన్నా అంతే. ఎదురుచూసి సంపాదించుకున్న ఇల్లు దీనివల్ల పోగొట్టుకోవద్దు.

3. దేనికోసమో తేల్చుకోండి

కాగితాలు, రాష్ట్రం, ఇల్లు మూడూ సరిపోయాక అసలు ప్రశ్న: మీకు తగ్గాల్సింది ఏమిటి? "అన్నిటికీ మంచిదట" అన్నది కారణం కాదు.

అమెరికా నేషనల్ అకాడమీస్ 2017 జనవరిలో ఇచ్చిన నివేదిక, అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నీ చదివి, మూడింటికి గట్టి ఆధారం ఉందని తేల్చింది: పెద్దవారిలో దీర్ఘకాలపు నొప్పి, కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో కండరాలు బిగుసుకుపోవడం. నొప్పి అన్నప్పుడు కూడా ఆ పరిశోధనల్లో ఎక్కువ నరాల నొప్పి మీదే. మోకాలి గుజ్జు అరిగి వచ్చే నొప్పికి అంత బలమైన రుజువు లేదు. నిద్ర సంగతిలో కొద్దికాలం మేలు కనిపిస్తుంది గానీ, రోజూ వాడితే అలవాటై, మానేసిన రాత్రి నిద్ర మరీ దూరమవుతుంది. గ్లకోమాకు పనిచేస్తుందని ప్రచారం ఉంది. కంటి ఒత్తిడి తగ్గేది కొన్ని గంటలే కాబట్టి అమెరికా కంటి వైద్యుల సంస్థ దాన్ని సిఫారసు చేయడం లేదు. షుగర్ తగ్గుతుంది, క్యాన్సర్ నయమవుతుంది అనే వీడియోలు వస్తే అక్కడే ఆపేయండి.

నిద్ర పట్టకపోవడానికి సాయంత్రం ఆరింటికి తాగే కాఫీ, రాత్రి మూత్రానికి లేపే బీపీ మాత్ర, ఊరు వదిలి వచ్చిన దిగులు, పగలంతా నాలుగు గోడల మధ్య ఉండటం కారణాలై ఉండవచ్చు. వాటిని ముందు చూసుకోమని నేను గట్టిగా చెబుతాను. మన పెద్దల నిద్రలేమిలో ఒంటరితనం వాటా చాలా పెద్దది. దానికి గమ్మీ మందు కాదు.

కొందరు అసలు దీని జోలికే వెళ్లకూడదు: ఇటీవల గుండెపోటు వచ్చినవారు, గుండె దడ, లయ తప్పే జబ్బు ఉన్నవారు, ఎప్పుడైనా భ్రమలు, తీవ్రమైన మానసిక జబ్బు వచ్చినవారు, మతిమరుపు మొదలైనవారు, గత ఏడాదిలో కింద పడినవారు. చివరిది తేలిగ్గా తీసుకోకండి. గంజాయి గుండె వేగాన్ని పెంచుతుంది, లేచి నిలబడేసరికి బీపీని పడేస్తుంది. అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడి తుంటి ఎముక విరిగితే, ఆ వయసులో కోలుకోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

4. మాత్రలన్నీ సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి

జాబితా రాయడం కాదు, డబ్బాలే తీసుకెళ్లండి. ఇండియా నుంచి తెచ్చుకున్నవి, ఆయుర్వేదం, హోమియో కూడా. మనవాళ్లు ఇక్కడి డాక్టర్‌కు ఇక్కడి మందులు మాత్రమే చెబుతారు, సూట్‌కేసులో తెచ్చుకున్న ఆరు నెలల స్టాకు గురించి చెప్పరు.

ముఖ్యంగా రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వేసుకునేవారు జాగ్రత్త. గంజాయి, సీబీడీ రెండూ కాలేయంలో ఆ మందు అరిగే దారికి అడ్డుపడి రక్తాన్ని మరీ పల్చన చేయగలవు. స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్ పనిచేయాలంటే కాలేయంలో ఒక ఎంజైము దాన్ని మార్చాలి, సీబీడీ ఆ ఎంజైమును అణచగలదు. నిద్రమాత్రలు, ఆందోళనకు వాడే మాత్రలు, ఓపియాయిడ్ నొప్పి మందులు, మద్యం, వీటిలో ఏది కలిసినా మత్తు మీద మత్తు అవుతుంది. మూర్ఛ మందులు, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్ ఉన్నవారు డాక్టర్ మాట లేకుండా ఒక్క చుక్క కూడా వేసుకోకూడదు.

డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు అబ్బాయో కోడలో గదిలో ఉంటే మీకు నోరు పెగలకపోవచ్చు. "ఐదు నిమిషాలు నేనొక్కడినే మాట్లాడతాను" అని అడిగే హక్కు మీకుంది. ఇంగ్లిష్ ఇబ్బంది అయితే ఆసుపత్రి ఇంటర్‌ప్రెటర్‌ను అడగండి, పిల్లల చేత అనువాదం చేయించుకోనక్కర్లేదు. ఇక్కడి డాక్టర్లు గంజాయికి మామూలు ప్రిస్క్రిప్షన్ రాయలేరు, సిఫారసు మాత్రమే చేయగలరు. పెద్దవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ దీనికి డబ్బులివ్వదు. ఆపరేషన్ ఉంటే మత్తుమందు ఇచ్చే డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి, వాడేవారికి ఆ మోతాదు మారుతుంది.

5. లేబుల్ చదవడం

మీ చిన్నప్పుడు ఊళ్లో చూసిన గంజాయి, ఇప్పుడు అమ్మేది ఒకటి కాదు. అమెరికాలో పట్టుబడ్డ గంజాయిని పరీక్షిస్తే, మత్తునిచ్చే టీహెచ్‌సీ 1995లో 4 శాతం చుట్టూ ఉండేది, 2021 నాటికి 15 శాతం దాటింది. నూనెలు, వేప్ (ఆవిరి పీల్చే పరికరం) కార్ట్రిడ్జ్‌లలో అంతకు ఎన్నో రెట్లు. కాబట్టి "మా మావయ్య రోజూ చిలుం తాగేవాడు, ఎనభై ఏళ్లు బతికాడు" అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

పొగ తాగడం, వేప్ చేయడం వద్దు. మీ ఊపిరితిత్తులకు ఆ శ్రమ అక్కర్లేదు. గమ్మీ అయితే డబ్బా మీద రెండు అంకెలు వెతకండి. కాలిఫోర్నియాలో ఒక మోతాదులో 10 మిల్లీగ్రాములు, మొత్తం ప్యాకెట్‌లో 100 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే ప్యాకెట్ మీద పెద్దగా కనిపించే 100 ఒక్క ముక్కది కాదు. కెనడాలో మొత్తం ప్యాకెట్‌కే 10 మిల్లీగ్రాముల పరిమితి.

ఆ 10 కుర్రవాళ్ల లెక్క. మీరు మొదలుపెట్టాల్సింది 2.5 మిల్లీగ్రాములు లేదా ఇంకా తక్కువ. ముక్కను కత్తితో నాలుగు చేస్తే నాలుగూ సమానంగా వస్తాయన్న నమ్మకం లేదు, అందుకే 1, 2 లేదా 2.5 మిల్లీగ్రాముల చిన్న గమ్మీలనే అడిగి కొనండి. లైసెన్సు ఉన్న షాపులోనే కొనండి, ల్యాబ్ పరీక్ష జరిగినట్టు డబ్బా మీద ఉండాలి. పెట్రోల్ బంకుల్లో, పొగాకు షాపుల్లో డెల్టా-8 (టీహెచ్‌సీలో ఒక రకం) పేరుతో అమ్మేవి తీసుకోకండి. స్నేహితుడు చేతిలో పెట్టిన విడి గమ్మీ కూడా వద్దు.

6. మొదటి రాత్రి

మర్నాడు ఏ పనీ, ఏ ప్రయాణమూ లేని రోజు ఎంచుకోండి. ఇంట్లో మీరేం తీసుకున్నారో తెలిసిన పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. దంపతులు ఇద్దరూ ఒకే రాత్రి ప్రయత్నించవద్దు, ఒకరు తెలివిగా ఉండాలి. అన్నం తిన్నాక, స్నానం అయిపోయాక, పడకగది నుంచి బాత్రూమ్ దాకా చిన్న లైటు వెలిగేలా చూసుకుని, తివాచీ అంచులు కాలికి తగలకుండా సర్ది, అప్పుడు వేసుకోండి. మేడ మీద పడుకునేవారు ఆ రాత్రి కింద పడుకోండి.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. పొగ పీల్చితే నిమిషాల్లో తెలుస్తుంది. తిన్నది మాత్రం అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియనివ్వదు. "ఇదేమీ పనిచేయలేదే" అని రెండో ముక్క వేస్తారు. అప్పటికి మొదటిది ఎక్కుతుంది, వెనకే రెండోది. వయసు పైబడిన ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ, కాలేయం నెమ్మది, అందుకని అది త్వరగా దిగదు కూడా. ఆరు, ఎనిమిది గంటలు, ఒక్కోసారి మర్నాటి మధ్యాహ్నం వరకు ఉంటుంది. కెనడాలోని ఒంటారియోలో తినే గంజాయిని అనుమతించాక, 65 దాటినవారు గంజాయి ఎక్కువై ఎమర్జెన్సీకి రావడం బాగా పెరిగిందని అక్కడి వైద్యులు 2024లో ప్రచురించారు. పనిచేసినా చేయకపోయినా ఆ రాత్రికి అదొక్కటే. మర్నాడంతా కారు నడపవద్దు.

ఒక నోట్‌బుక్‌లో తేదీ, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నింటికి, నొప్పి ఎలా ఉంది, పొద్దున తల ఎలా ఉంది రాసుకోండి. రెండు, మూడు వారాల్లో స్పష్టమైన మేలు కనబడకపోతే మానేయండి. మేలు కనబడితే ఆ నోట్‌బుక్ డాక్టర్‌కు చూపించండి.

7. మనవల చేతికి అందకుండా

అమెరికాలో మన పెద్దల్లో చాలామంది వచ్చిందే మనవల్ని చూసుకోవడానికి. అందుకే మిగతా అన్ని జాగ్రత్తల కంటే ఇది నాకు ముఖ్యం. ఈ గమ్మీలు రంగులో, రుచిలో పిల్లల చాక్లెట్లలాగే ఉంటాయి. ఆరేళ్లలోపు పిల్లలు పొరపాటున గంజాయి తినుబండారాలు తిన్న సంఘటనలు అమెరికా పాయిజన్ సెంటర్లకు 2017లో 207 వస్తే, 2021లో 3,054 వచ్చాయి. మూడేళ్ల పాపకు రెండు ముక్కలు చాలు, స్పృహ తప్పి ఊపిరి మందగించడానికి.

తాళం ఉన్న పెట్టెలో, అసలు డబ్బాలోనే పెట్టండి. హ్యాండ్‌బ్యాగులో, దిండు కింద, దేవుడి అల్మారాలో, పోపుల డబ్బా పక్కన పెట్టకండి. పిల్లలు ఇంట్లో ఉండగా వాళ్ల ముందు వేసుకోకండి. పిల్లల్ని చూసుకునే బాధ్యత మీ మీద ఉన్న రోజు, ముందు రాత్రి కూడా, వేసుకోకండి. ఈ విషయం కోడలికి, కొడుక్కి తెలియకుండా జరగకూడదు. ఇంట్లో గమ్మీ ఉందని తెలియని తల్లి, బిడ్డ మత్తుగా పడి ఉంటే ఏమని ఊహించగలదు?

8. ఎక్కువైతే

గుండె దడ, విపరీతమైన భయం, నోరెండిపోవడం, కళ్లు తిరగడం, వాంతి ఉంటే ముందు పడుకోబెట్టండి, నీళ్లు కొద్దికొద్దిగా ఇవ్వండి, పక్కన ఉండండి, ఒంటరిగా లేవనివ్వకండి. 1-800-222-1222కి ఫోన్ చేస్తే పాయిజన్ సెంటర్ వాళ్లు ఏ గంటలోనైనా ఉచితంగా సలహా ఇస్తారు. ఛాతీ నొప్పి, ఊపిరి ఇబ్బంది, లేపినా లేవకపోవడం, తల నేలకు తగిలేలా పడటం, మాట తడబడటం, ఇందులో ఏదున్నా 911. పసిపిల్లలు తింటే లక్షణాలు కనిపించేదాకా ఆగకండి.

ఆసుపత్రిలో ఏం తిన్నారో వెంటనే చెప్పండి. పరువు పోతుందని దాచితే, మాట తడబడుతున్న పెద్దాయనకు పక్షవాతమేమోనని స్కానింగుల మీద స్కానింగులు చేస్తారు, సరైన చికిత్స ఆలస్యమవుతుంది.

9. చట్టం మీద మీ అభిప్రాయం, ఇంట్లో మాట

వాడటం ఒకటి, చట్టబద్ధం చేయాలా వద్దా అన్నది ఇంకొకటి. రెండూ ఒకే జవాబు కానక్కర్లేదు. గ్యాలప్ సర్వే సంస్థ 1969లో అడిగినప్పుడు చట్టబద్ధం చేయమన్న అమెరికన్లు 12 శాతమే, 2023లో 70 శాతం. 2024 జనవరిలో ప్యూ సర్వే సంస్థ అడిగితే 57 శాతం వైద్యానికీ సరదాకీ రెండిటికీ అన్నారు, 32 శాతం వైద్యానికి మాత్రమే, 11 శాతం అసలే వద్దు అన్నారు. వయసు పెరిగేకొద్దీ మద్దతు తగ్గుతుంది.

మన పెద్దల్లో చాలామంది వద్దు అనే అంటారు, దానికి వాళ్ల కారణం వాళ్లకుంది. విశాఖ ఏజెన్సీ గంజాయి వ్యాపారంలో గిరిజన కూలీలు జైళ్లపాలు కావడం చూశారు, ఊళ్లో చదువు మానేసిన కుర్రాళ్లను చూశారు. ఆ అనుభవాన్ని పిల్లలు "ఓల్డ్ జనరేషన్" అని కొట్టిపారేయకూడదు. మరోవైపు ల్యాబ్ పరీక్ష, లేబుల్ మీద మిల్లీగ్రాములు, వయసు పరిమితి వచ్చింది చట్టబద్ధం చేశాకే. నావరకు నేను వైద్యానికి అనుమతి ఉండాలంటాను, పిల్లల మిఠాయిలా కనిపించే రూపంలో అమ్మడాన్ని వ్యతిరేకిస్తాను. మీరు పౌరులైతే బ్యాలెట్‌లో ఈ ప్రశ్న వచ్చినప్పుడు మీ ఓటు మీ ఆలోచనతోనే వేయండి. ఫ్లోరిడాలో 2024 నవంబర్‌లో సగానికి మించి ఔనన్నా, కావలసిన 60 శాతం అందక ఆ ప్రతిపాదన ఓడిపోయింది.

10. ఇండియా ప్రయాణానికి ముందు

గమ్మీ, వేప్, నూనె, ఏదీ వెంట తీసుకెళ్లవద్దు. ఇండియాలో మత్తు పదార్థాలపై 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది, అమెరికా డాక్టర్ చీటీ అక్కడ చెల్లదు. మత్తు పదార్థం ఇంకో దానితో కలిసి ఉంటే మొత్తం మిశ్రమం బరువునే లెక్కలోకి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020లో హీరాసింగ్ కేసులో చెప్పింది, అంటే గమ్మీలోని పంచదార, జెల్లీ బరువు కూడా కలుస్తుందన్న భయం ఉండనే ఉంది. దారిలో దిగే దుబాయ్, అబుదాబి, దోహా, సింగపూర్ ఎయిర్‌పోర్టుల్లో చట్టాలు ఇంకా కఠినం.

బయల్దేరే వారం ముందు హ్యాండ్‌బ్యాగు, కోటు జేబులు, మందుల డబ్బా, కళ్లజోడు పెట్టె అన్నీ ఖాళీ చేసి మళ్లీ సర్దుకోండి. అబ్బాయి దగ్గర అడిగి తెచ్చుకున్న పాత బ్యాక్‌ప్యాక్ అయితే అన్ని జిప్పులూ తెరిచి చూడండి. ఊళ్లో ఎవరికో మోకాళ్ల నొప్పికి పనికొస్తుందని ఒక్కటి కూడా పెట్టకండి, మీ చేతికి ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి. రోజూ వాడే అలవాటు ఉంటే ప్రయాణానికి చాలా ముందే డాక్టర్‌కు చెప్పి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ మానేయండి, ఒక్కసారిగా ఆపితే చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం కొన్నాళ్లు బాధపెడతాయి. ఇండియాలో దిగాక మత్తు అలవాటు మాన్పించే సహాయం మీకో, ఇంట్లో ఇంకెవరికో కావాల్సి వస్తే 14446 నంబరుకు ఫోన్ చేయవచ్చు.